ఎడమ మడమ

రొయ్యల గుంటల గట్ల మీద సైకిల్ తొక్కడం దూరం నుంచి చూసేవాళ్ళకు సుఖంగానే కనిపిస్తుంది. దగ్గరికొస్తే ట్రాక్టర్ చక్రాలు బురదలో చేసిన గాడులు ఎండి రాయిలా ఉంటాయి. వాటి మధ్య ఇసుక, అక్కడక్కడ పీతలు తవ్విన బొక్కలు. లావు టైర్ల మౌంటెన్ బైకులు కాబట్టి మేమిద్దరం అక్కడ తొక్కగలిగేవాళ్ళం. ఇద్దరం అంటే నేను, మా బావ. మా అక్క భర్త. విడవలూరు దాటి సముద్రం వైపు ఆయనకు గుంటలున్నాయి. వాటికి మేత లెక్క చూసేది నేను. ఆయనకు చక్కెర జబ్బు వచ్చింది, రోజూ నడవమని డాక్టరు చెబితే, నడక ముసలోళ్ళకని బావ సైకిల్ కొన్నాడు. తోడు లేనిదే తొక్కనని నా చేతా ఒకటి కొనిపించాడు.

గతుకుల్లో పాదం పెడల్ మీంచి ఎగిరిపోయేది. పట్టు కోసం పెడల్‌కు ఉండే ఇనుప మొనలు గిర్రున తిరిగొచ్చి మోకాలి కింద ఎముకను గీసేవి. ఇద్దరి కాళ్ళ మీదా ఆ గీతలే. అందుకని క్లిప్‌లెస్ పెడళ్ళు తెప్పించాం. బూటు అడుగున చిన్న ఇనుప బిళ్ళ బిగిస్తారు. అది పెడల్లో టక్కున కూర్చుంటుంది. ఇక పాదం ఎగరదు. విడిపించుకోవాలంటే పైకి లాగకూడదు, మడమను బయటికి తిప్పాలి.

పేరు దగ్గరే బావకు పేచీ వచ్చింది.

"క్లిప్‌లెస్ అంటే క్లిప్పు లేదనే గదా?"

"అవును బావా."

"మరి పట్టుకుంటుండాదే!"

పూర్వం పాదం ముందు భాగానికి తొడిగే పంజరం లాంటిది ఉండేదనీ, దాన్నే క్లిప్పు అనేవాళ్ళనీ, అది తీసేశారు కాబట్టి ఈ పేరు వచ్చిందనీ చెప్పాను. ఆయన వినలేదు. వంటింటి వైపు తిరిగి కేకేశాడు.

"ఇదిగో, ఇంట్లో బియ్యం అయిపోతే ఏమంటావు నువ్వు?"

"నిండుకున్నాయంటా. ఇప్పుడేంది, తెచ్చిపెడతావా?" అంది అక్క.

"చూసినావా బామ్మర్దీ! మీ అక్కేమో లేనిదాన్ని నిండిందంటది. ఈ పెడళ్ళోళ్ళు ఉండేదాన్ని లేదంటారు. ఇద్దరూ నాకే తగిలినారు."

కొత్తలో ఎవరైనా పడతారు. అదీ ఆగేటప్పుడే పడతారు. కాలు కింద పెట్టాలన్న తొందరలో పాదాన్ని పైకి లాగుతారు, అది రాదు, సైకిల్‌తో సహా పక్కకు ఒరిగిపోతారు. టీ కొట్టు ముందు మొదట నేను పడ్డాను. నన్ను చూసి నవ్వుతూ బావ పడ్డాడు. కొట్టామె గరిటె పట్టుకునే బయటికొచ్చింది.

"పరిగెత్తే సైకిల్ మీంచి పడినోళ్ళను చూసినాను గానీ, నిలబడిన సైకిల్ మీంచి పడేది మిమ్మల్నే చూస్తుండా నాయనా!"

"రెండు టీలు పొయ్యక్కా. ఒకదాంట్లో చక్కెర లేకుండా," అన్నాడు బావ లేవకుండానే.

నాకు కొద్ది రోజుల్లోనే అలవాటైంది. బావకు కాలేదు. కుడికాలు తేలిగ్గానే వచ్చేది. ఎడమకాలే రాదు. ఎప్పుడు పడ్డా ఎడమ పక్కకే.

నేను చదివింది పదో తరగతి. లెక్క నాకు గుంటల దగ్గరే వచ్చింది. మేత వేసిన కాసేపటికి నీళ్ళలోంచి ట్రే పైకి తీసి, ఎంత మిగిలిందో చూసి, తర్వాతి మేత తగ్గించాలో పెంచాలో తేల్చాలి. రొయ్య తినకపోతే కారణం వెతకాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఒకేసారి రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. పెడల్ విషయంలోనూ అదే పద్ధతి పట్టాను. ముందు పెడల్లో బిళ్ళను పట్టి ఉంచే స్ప్రింగు మర కొంచెం వదులు చేశాను. ఫలితం లేదు. ఇంకొంచెం చేశాను. చివరికి ఇక వదులు చేయడానికి మిగల్లేదు. తర్వాత బిళ్ళ జరిపాను. తర్వాత బూట్లు మార్పించాను.

"నీ ఇంజనీరింగు బాగుండాది గానీ బామ్మర్దీ, ఒకసారి నా మోచెయ్యి చూడు," అనేవాడు బావ.

మిగిలింది పెడల్. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, కుడివైపు ఎక్కదు. అందుకని ఆయన ఎడమ పెడల్ నా సైకిల్‌కూ, నాది ఆయన సైకిల్‌కూ బిగించాను. ఆయన పెడల్‌తో గట్టు మీద కొంత దూరం పోయి ఆగాను. మడమ తిప్పగానే, ఏ బలమూ పెట్టకుండానే పాదం వచ్చేసింది. నా పెడల్‌తో బావ మేత షెడ్డు గోడ పట్టుకుని ప్రయత్నించాడు. పళ్ళు బిగించాడు. మోకాలు ఊగింది, నడుము తిరిగింది. మడమ కదల్లేదు.

స్ప్రింగు, బిళ్ళ, బూటు, పెడల్ అన్నీ మార్చాను. మార్చనిది కాలొక్కటే. వంగి ఆయన బూటు లేసు విప్పి, పాదాన్ని బయటికి తీశాను. బూటు పెడల్‌కు అలాగే ఉండిపోయింది.

అక్కకు చెబితే ఆమె చేతిలో పని ఆపి నా వైపు చూసింది.

"మీ బావ కాలికి చెప్పు గూడా నిలవడంలేదురా. నడుస్తా ఉంటే ఎడమ చెప్పు వెనకే ఉండిపోతుండాది. వదులయినాయేమో అని కొత్తవి కొనిచ్చినాను. అవీ అంతే."

నెల్లూరులో చూపించాం. వాళ్ళు చెన్నై తీసుకుపొమ్మన్నారు. అక్కడి డాక్టరు బావ ఎడమపాదం పక్కన తన అరచెయ్యి పెట్టి, నెట్టమన్నాడు. ఎంతసేపు చూసినా ఆ అరచెయ్యి జరగలేదు. పరీక్షలన్నీ అయ్యాక చెప్పాడు. కండరాలకు కబురు తీసుకుపోయే నరాలు చచ్చిపోతున్నాయి. ఈ పాదంతో మొదలైంది, ఇక్కడితో ఆగదు. పోయిన బలం తిరిగి తెచ్చే మందు లేదు.

"చక్కెర వల్ల గాదు గదా సార్?" అన్నాడు బావ.

"కాదు."

"అది చాలు. లేకుంటే ఇది నన్ను చంపేస్తది," అని అక్కను చూపించాడు.

ఎంత వేగంగా పెరుగుతుందని నేనడిగాను. మనిషిని బట్టి ఉంటుంది, చెప్పలేమన్నాడు. అంత పెద్ద ఆస్పత్రిలో నేనడిగిన ఒక్క లెక్కకు జవాబు లేదు.

ఇంటికొచ్చాక పాత పెడళ్ళు బిగిస్తానన్నాను. బావ వద్దన్నాడు.

"వాటి మీద ఈ కాలు నిలవదురా, జారిపోతుంది. ఇవన్నా పట్టుకుంటుండాయి."

నిజమే. కుడికాలు తొక్కుతుంటే, ఎడమకాలు పెడల్‌తో పాటు ఊరికే తిరుగుతుంది. వదులు చేసిన మరను నేనే మళ్ళీ బిగించాను. ఆగే చోటికి నేను ముందు చేరి, నా సైకిల్ పక్కన పడేసి, ఆయన సీటు పట్టుకునేవాణ్ణి. తర్వాత కూర్చుని ఎడమ మడమ దొరకబుచ్చుకుని బయటికి తిప్పేవాణ్ణి. కుడికాలు ఆయనే తీసుకునేవాడు. మొదటిసారి అలా చేసినప్పుడు బావ సముద్రం వైపు చూస్తూ ఉండిపోయాడు. రెండోసారి, "గుర్రం దిగే రాజుక్కూడా ఇంత మర్యాద జరగలేదురా," అన్నాడు.

తొక్కే దూరం తగ్గుతూ వచ్చింది. సరుగుడు తోపు దాకా పోయేవాళ్ళం కాస్తా గుంటల చివరిదాకానే, ఆ తర్వాత మొదటి తూము దాకానే.

మొన్న తూము దగ్గర ఆగాం. గుంటల్లో నీళ్ళకు గాలి పట్టించే చక్రాలు తిరుగుతున్నాయి. ఆయన ఎడమ మడమ తిప్పి పాదం నేల మీద పెట్టి లేచాను. అవతలి పక్క కుడి బూటు విడిపోతూ టక్కుమని చప్పుడు రావాలి. సీటు పట్టుకుని నిలబడ్డాను. రాలేదు. బావ హ్యాండిల్ వంకే చూస్తున్నాడు. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి.

"బామ్మర్దీ."

"ఆఁ."

"ఇటు గూడా రా."

సీటు వదలకుండానే వెనక చక్రం చుట్టూ తిరిగి వచ్చాను. సైకిల్ ఒరగకుండా భుజం ఆనించి కూర్చుని, రెండు చేతులతో ఆయన కుడి మడమ పట్టుకున్నాను.