భీమయ్య పెట్టిన పైరాయి

సౌదీ నుంచి సెలవు మీద వచ్చి ఇరవై రోజులైనా భీమయ్య ఒక్కచోట కుదురుగా కూర్చున్నది లేదు. పొద్దున లేస్తాడు, ముఖం కడుగుతాడు, చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే వీధి చివరిదాకా పోయి వస్తాడు. గ్లాసు కింద పెట్టి మళ్ళీ చెప్పులు తొడుగుతాడు. అమరచింత ఏమంత పెద్ద ఊరు? బస్టాండు నుంచి మగ్గాల వీధికి, అక్కడి నుంచి పత్తి చేలకు రోజుకు నాలుగుసార్లు తిరిగితే ఎవరింట్లో ఏం కూరో కూడా తెలిసిపోతుంది. "ఎక్కడికి భీమన్నా?" అని ఎవరైనా అడిగితే "ఇగో, గిట్లనే" అంటాడు.

ఊరంతా తిరిగే మనిషి ఒక్క చోటికి మాత్రం పోడు. అది ఊరి బయట వాళ్ళ అమ్మను పూడ్చిన చోటు.

ఆమె పోయి పదకొండు నెలలయింది. వాళ్ళింట్లో ఒక ఆనవాయితీ ఉంది. పూడ్చిన పదకొండో రోజున మట్టిదిబ్బ మీద రాళ్ళు పేరుస్తారు. అడుగున పెద్దవి, మీదికి పోయేకొద్దీ చిన్నవి. అన్నిటికంటే పైన పెట్టే రాయికి సున్నం పూస్తారు. ఆ పైరాయి కొడుకే పెట్టాలి. కొడుకేమో ఆ రోజున సౌదీలో ఉన్నాడు. అందుకని అతని భార్య జంగమ్మ కింది రాళ్ళన్నీ పాలివాళ్ళతో పేర్పించి, పైరాయికి తానే సున్నం పూసి ఇంటికి తెచ్చి, తలుపు పక్కన గోడవారగా పెట్టింది. మొగుడు వచ్చినంక పెడతాడులే అనుకుంది. వానలకు సగం సున్నం కారిపోతే మళ్ళీ పూసింది. ఇప్పుడు ఆ రాయి మీద ఒక నల్లకోడి నిలబడి ఇంట్లోకి తొంగి చూస్తూ ఉంటుంది.

"ఇరవై దినాలాయె నువ్వొచ్చి," అంది జంగమ్మ బుధవారం పొద్దున, రొట్టె కాలుస్తూ. "ఊరంత తిరుగుతున్నవ్. ఆ రాయి పెట్టి రానీకి కాళ్ళు లేవా?"

"పోత తియ్యి."

"ఎప్పుడు పోతవ్? అత్తకు రాయి అనుకుంటి, కోడికి పీట అయింది."

భీమయ్య రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. జవాబు లేక కాదు. ఆ పైరాయి అతను ఒకసారి పెట్టేశాడు. ఇక్కడ కాదు, సముద్రం అవతల ఒక చల్లారిన నిప్పుకొండ అంచు మీద. ఆ రాయి మూలంగా ఒక ఆడమనిషి చావు దాకా పోయి వచ్చింది, ఒక మగమనిషి నౌకరీ పోగొట్టుకున్నాడు. పెట్టింది తానేనని భీమయ్య ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, పక్కన పడుకునే జంగమ్మకు కూడా.

అతని చదువు రెండో తరగతి దగ్గర ఆగింది. చిన్నప్పుడు గొర్రెలు కాశాడు. మీసాలు వచ్చాక మేస్త్రీ వెంట కాలువ పనులకు పోయి తట్ట మోశాడు, రాయి కొట్టాడు. రాయిని చూస్తే సుత్తె ఎక్కడ వేయాలో చెప్పగలడు. సౌదీలో మొదటి నాలుగేళ్ళు మళ్ళీ గొర్రెలే. ఆ తర్వాత ఎడారిలో నడవడానికి వచ్చేవాళ్ళ కోసం చలికాలం నడిపే ఒక క్యాంపులో చేరాడు. డేరాలు వేయాలి, నీళ్ళ డబ్బాలు మోయాలి, ఎక్కలేనివాళ్ళ సంచులు భుజానికి తగిలించుకోవాలి.

మొదటిసారి ఆ నేల చూసినప్పుడు ఎవరో ఊరుకు ఊరు తగలబెట్టి పోయారేమో అనుకున్నాడు. కనుచూపు మేర నల్లరాయి. ఎప్పుడో భూమి కడుపులోంచి పొంగి, పారి, గడ్డకట్టిన రాయి. కొన్నిచోట్ల పేనిన మోకుల్లా మెలికలు తిరిగి ఉంటుంది. కొన్నిచోట్ల మాడిన రొట్టె పెచ్చులా పైకి లేచి ఉంటుంది, కాలు పెడితే కింద డొల్ల పలుకుతుంది. ఇంకొన్నిచోట్ల అంతా మొనదేలిన రాళ్ళే, కొత్త బూట్లు కూడా రెండు నెలల్లో తినేస్తాయి. నడుమ నడుమ నిప్పుకొండలు, పైన మూత లేని కుండల్లా. మన పాలమూరు గుట్టల్లో గుండ్రాయిని తడితే తెలిసిన మనిషిలా ఉంటుంది. అక్కడి రాయిలో పొర ఎటు పోతుందో అతనికి తెలియలేదు. తెలియనందుకే అతనికి పిచ్చి పట్టింది. జీతం లేని శుక్రవారాల్లో కూడా ఒక్కడే ఏదో ఒక కొండెక్కి దాని నోట్లోకి తొంగి చూసి వచ్చేవాడు.

ఆ నేల మీద కాలిబాట పడదు. అందుకని క్యాంపువాళ్ళు దారి పొడుగునా రాళ్ళు పేరుస్తారు. అడుగున పెద్దవి, పైన చిన్నవి, నలుపులో దూరం నుంచి కనబడాలని అన్నిటికంటే పైరాయికి తెల్లరంగు. ఎక్కడి సౌదీ, ఎక్కడి అమరచింత? మొదటి రోజున ఆ వరస చూసి భీమయ్య ఆగి దండం పెట్టాడు, ఇంతమంది ఇక్కడ పోయారా అని. దారి గుర్తులని తెలిశాక తనలో తానే నవ్వుకున్నాడు.

క్యాంపు మొత్తానికి ఫోను సిగ్నల్ దొరికేది ఒక కొండ అంచు మీదే. కిందటేడు చలికాలం అక్కడే జంగమ్మ ఫోను వచ్చింది, అత్త పోయిందని. ఆ వారంలో మూడు గుంపులు నడవాల్సి ఉన్నాయి. క్యాంపు నడిపే పెద్దమనిషిని అందరూ ముదీర్ అంటారు. ఆయన సెలవు ఇవ్వలేనన్నాడు. భీమయ్య ఏడవలేదు, నీళ్ళ డబ్బాలు మోశాడు. పదకొండో రోజున మాత్రం ఒక్కడే ఆ కొండెక్కాడు. చావు కబురు విన్న చోటే రాళ్ళు పేర్చాడు. అమ్మ పొగాకు నమిలేది. దోస్తు ఊరి నుంచి తెచ్చిన ఆకు పొగాకు పొట్లం అడుగు రాయి కింద పెట్టాడు. సున్నం ఎక్కడ దొరుకుతుంది? దారి గుర్తులకు వాడే తెల్లరంగు డబ్బా తెచ్చి పైరాయికి పూశాడు. అమ్మకు ఊరు కనబడాలని దాన్ని తూర్పు అంచున పెట్టాడు.

అసలు దారి పడమటికి దిగుతుంది.

రెండు నెలలకు పద్నాలుగు మంది గుంపు వచ్చింది. వాళ్ళలో ఒక ఫిలిప్పీన్ నర్సు కొండ అంచు మీద బూటు లేసు కట్టుకుంటూ వెనకబడింది. తలెత్తేసరికి ముందు ఎవరూ లేరు. తెల్లరాయి ఒకటి కనబడింది. దాని వెంట తూర్పుకు దిగింది. అటు ఇంకో గుర్తు లేదు. సాయంత్రం దొరికేసరికి ఒక బూటు అడుగు ఊడిపోయి ఉంది, మడమ విరిగి ఉంది, పెదాలు పగిలి మాట రావడం లేదు. ఆమెను దొరకబట్టింది భీమయ్యే, వీపున మోసుకొచ్చిందీ భీమయ్యే. అందరూ మెచ్చుకున్నారు. ఎవరైనా మెచ్చుకుంటే అతను నీళ్ళ డబ్బా ఎత్తుకుని పక్కకు పోయేవాడు.

గుంపుకు చివరన నడుస్తూ ఎవరూ వెనకబడకుండా చూడాల్సిన మనిషి నాగర్‌కర్నూల్ దినేష్. తప్పు అతని మీద పడింది. "నేను చూసిన, అందరు దిగిన్రు" అని అతను ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు, వారంలో ఇంటికి పంపేశారు. తూర్పున ఉన్న ఆ గుర్తు పాతకాలంది కాబోలనుకున్నారు. ఎండలు ముదిరి గుంపులు ఆపేశాక దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. భీమయ్య ఎన్నోసార్లు కొండెక్కాడు, చేయి చాపాడు, తీయలేక దిగాడు. తల్లి దిబ్బ మీద చేయి ఎట్లా వేస్తాడు?

బుధవారం రొట్టె ముక్క నోట్లో ఉండగానే ఫోను మోగింది. క్యాంపు డ్రైవరు, గద్వాల సామ్యూల్, మాట రికార్డు చేసి పంపాడు. "అన్నా, ఎట్లున్నవ్? ఈడ చలి మొదలైంది. ఎల్లుండి శుక్రవారం మొదటి గుంపు. పన్నెండు మంది, ఇద్దరు పిల్లలు గూడ ఉన్నరంట. మన కొండకే."

భీమయ్య దాన్ని మూడుసార్లు విన్నాడు. జంగమ్మ పెనం దింపి చూసింది. "ఏందయ్యా గట్ల కూసున్నవ్? ఎవరికేమైంది?"

"ఇంక కాలేదు," అని లేచాడు. "నాగర్‌కర్నూల్ పోయొస్త."

"నాగర్‌కర్నూల్‌ల నీకెవరున్నరు?"

"ఒకనికి బాకీ లేను గాని, మాట చెప్పేదుంది."

సామ్యూల్‌కు ఫోను చేసి చెబితే ఐపోయేదే. బస్సులో అతనూ అదే అనుకున్నాడు. ఆత్మకూరు దాటే లోపల నాలుగుసార్లు నంబరు తీశాడు, నాలుగుసార్లు ఫోను జేబులో పెట్టాడు. దినేష్ ముఖం చూడకముందు ఇంకొకరికి చెప్పడం మళ్ళీ దొంగతనమే అనిపించింది. వనపర్తిలో బస్సు మారాలి. బస్సుకు అరగంట ఉందన్నారు. ఆ అరగంటా బస్టాండు చుట్టూ తిరిగాడు. సీటు దొరికినా సగం దూరం నిలబడే ఉన్నాడు. కండక్టరు చూసి చూసి "కూసో పెద్దాయనా, నువ్వు నిలబడితే బస్సేం జల్ది పోదు" అన్నాడు.

దినేష్ ఒక టెంట్‌హౌస్‌లో పనిచేస్తున్నాడు. పెళ్ళి కుర్చీలు ఆటోలోకి ఎక్కిస్తూ భీమయ్యను చూసి పరిగెత్తుకుని వచ్చాడు. "భీమన్నా! ఎప్పుడొచ్చినవ్? చాయ్ తాగుదాం దా."

"చాయ్ వద్దు తమ్మీ. ముందు నేను చెప్పేది విను. విన్నంక చాయ్ పోస్తవో, కుర్చీతోటి కొడ్తవో నీ ఇష్టం."

నిలబడే చెప్పాడు. ఫోను వచ్చిన రోజు నుంచి పొగాకు పొట్లం దాకా ఏదీ దాచలేదు. దినేష్ వింటూ వింటూ ఒక కుర్చీ విప్పి తానే కూర్చున్నాడు.

"ఎనిమిది నెలలు," అన్నాడు చివరికి. "నేను లెక్కపెట్టుడు మరిచిపోయిన్నేమో అని ఎనిమిది నెలల సంది పండుకోలే అన్నా. పండుకుంటే పద్నాలుగు మంది కండ్ల ముంగట దిగుతరు. పద్నాలుగు వరకు లెక్కపెడ్త. మళ్ళ మొదలు పెడ్త."

"తెలుసు తమ్మీ."

"నీకేం తెల్సు? నువ్వు హాయిగా..." అని భీమయ్య కాళ్ళవైపు చూసి ఆగిపోయాడు. ఆ కాళ్ళు నిలబడ్డ చోటే ఒకదాని మీద ఒకటి బరువు మారుస్తూ ఉన్నాయి. చెప్పుల అంచులు అరిగిపోయి ఉన్నాయి. "నువ్వు గూడ పండుకోలేనట్టుంది."

ముదీర్‌కు ఫోను కలిపింది దినేషే. భీమయ్య తనకొచ్చిన అరబ్బీలో, హిందీ కలిపి చెప్పాడు. అవతల నుంచి అరుపులు వినబడ్డాయి. అరుపులు తగ్గాక ఆయన ఒక్కటే అడిగాడు, రాళ్ళు ఎందుకు పెట్టావని.

"ఉమ్మీ," అన్నాడు భీమయ్య. మా అమ్మ అని.

తర్వాత ఆయన నెమ్మదిగా మాట్లాడాడు. దినేష్ పాస్‌పోర్టు కాగితం పంపితే వీసా సంగతి చూస్తానన్నాడు. భీమయ్య సంగతి తర్వాత అన్నాడు. రాళ్ళు ఈ రోజే తీసేయాలని సామ్యూల్‌ను కొండ మీదికి పంపాడు.

రెండు గంటలకు వీడియో కాల్ వచ్చింది. చిన్న తెరలో నల్లటి నేల, దాని మీద ఆ తెల్లరాయి. సామ్యూల్ రొప్పుతున్నాడు. "అన్నా, తియ్యాల్నా మరి?"

"తియ్యి."

"పైది ఎక్కడ పెట్టాలె?"

"తెలుపు కిందికి పెట్టి బోర్లించు. ఎవలకూ కనబడొద్దు."

ఒక్కో రాయి తీస్తుంటే మట్టికుండ పెంకుల మోత వచ్చింది. భీమయ్య తెరకు ముఖం ఆనించి చూశాడు. దినేష్ అతని భుజం మీద చేయి వేశాడు, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు తీసేశాడు, మళ్ళీ వేశాడు.

"అన్నా, కింద పొగాకు పొట్లముంది. ఎండి పొడి పొడి అయింది."

"అది ఉండనీ. ఒక రాయి కప్పు దాని మీద. ఒక్కటే, చిన్నది."

అప్పుడు దినేష్ చాయ్ తెప్పించాడు. భీమయ్య దాన్ని కూర్చొని తాగాడు.

అమరచింతలో బస్సు దిగేసరికి పొద్దు ఇంకా చేల మీద ఉంది. జంగమ్మ వాకిలి ఊడుస్తోంది. అతను కోడిని అదిలించి, గోడవార రాయి ఎత్తుకున్నాడు. అనుకున్నదానికంటే బరువుగా ఉంది. సున్నం చొక్కాకు అంటింది.

"నౌకరీ ఉంటదో ఊడుతదో తెల్వదు," అన్నాడు. "ఎందుకో పోతా పోతా చెప్త. నడువు."

జంగమ్మ చీపురు గోడకు ఆనించింది. ఏం నౌకరీ, ఎవరు ఊడబీకుతున్నారు అని అడగబోయి, అతని చేతుల్లోని రాయిని చూసి, "ఆగు, పొగాకు తెస్త" అని ఇంట్లోకి పోయింది.