న్యూట్రల్‌లో తేలిన నిజం

మా బస్సుల షెడ్డులో హెడ్ మెకానిక్‌గా చేసిన మేస్త్రి గారు మొన్న మంగళవారం కొవ్వూరులో పోయారు. సంతాప సభలో మా పాత మేనేజరు లేచి, మేస్త్రి గారిని కంపెనీ సొంత మనిషిలా చూసుకుందని చెప్పాడు. అందుకే ఇది రాస్తున్నాను.

ఏ చప్పుడొచ్చినా మేస్త్రి గారు ముందు బోనెట్ ఎత్తేవారు కాదు. జనం ఏ సీటు ఖాళీగా వదిలేస్తున్నారని కండక్టర్ని అడిగేవారు. చెప్పులు విడిచి ఆ సీట్లోనే ప్రయాణం చేసేవారు. "ఖాళీ బండి నిజం చెప్పదండి" అనేవారు. అల్మారాల కొద్దీ పుస్తకాలు చదివాను. ఈ మాట వాటిలో లేదు.

తొంభైల చివర్లో పట్టిసీమ బస్సొకటి వేగం నలభై దాటితే వణికేది. డ్రైవరు క్లచ్ మీంచి కాలు తీయకపోవడం వల్లే అని ఆ మేనేజరే తేల్చాడు. అతన్ని ఉద్యోగంలోంచి తీసేయమని రిపోర్టు రాసిన అసిస్టెంట్ ఇంజినీర్ని నేను. బండి ఎక్కకుండానే రాశాను. సంతకం పెట్టబోతుంటే మేస్త్రి గారు ఒక్క పూట ఆగమన్నారు.

మర్నాడు నిండు బస్సెక్కాం. వెనక సీట్లో కూర్చుంటే తిన్న ఇడ్లీ గొంతులోకొస్తోందంటున్నారని కండక్టరు చెప్పాడు. మేమిద్దరం అక్కడే కూర్చున్నాం. వణుకు మొదలవగానే మేస్త్రి గారు న్యూట్రల్ చెయ్యమని కేకేశారు. ఇంజను హోరు తగ్గింది, బండి దొర్లుతోంది. వణుకు మాత్రం పోలేదు. న్యూట్రల్‌లో ఇంజనుకీ చక్రాలకీ లంకె ఉండదు కాబట్టి, తప్పు క్లచ్‌దైతే వణుకు ఆగిపోవాలి. డ్రైవరు అద్దంలోంచి మా మొహాలే చూస్తున్నాడు.

షెడ్డుకొచ్చాక మేస్త్రి గారు బండి కిందికి దూరారు. వెనక చక్రాలను తిప్పే షాఫ్టు, పళ్లతో ఒకదాంట్లో ఒకటి ఇమిడే రెండు ముక్కలుగా ఉంటుంది. అంతకుముందు విప్పి బిగించినప్పుడు అవి ఒక పన్ను తేడాతో కూర్చున్నాయి, వణుకు అందుకే. విప్పే ముందు సుద్దతో గుర్తు గీసుకోవడం ఆయన అలవాటు. ఈసారి గీత లేదు.

"బిగించింది నేనేనండి. అలాగే రాసెయ్యండి" అన్నారు.

మేనేజరు ఆయన్ని పక్కకి పిలిచాడు. "డ్రైవరు పోతే ఇంకోడొస్తాడు. మీకెందుకండీ మేస్త్రి గారూ?"

"నా తప్పుకి అతనెందుకు పోవాలండి?"

రిపోర్టు మార్చి రాశాను. డ్రైవరు ఉద్యోగం నిలిచింది. మేస్త్రి గారిని మాత్రం రిటైరయ్యేదాకా పంక్చర్ల పనిలో పడేశారు. సొంత మనిషిని చూసుకున్న తీరు అది. నేనూ నోరెత్తలేదు.

ఆ తర్వాత రోజూ ఆ డ్రైవరు గేటు దాటేముందు పంక్చర్ల తొట్టి పక్కన బస్సు ఆపేవాడు. మేస్త్రి గారు నీళ్లలోంచి చెయ్యి తీసి బండి పక్కరేకు మీద ఆనించేవారు. ఒక్క క్షణం విని, వెళ్లమని తలూపేవారు. రేకు మీద ఐదు వేళ్ల తడితో బస్సు రోడ్డెక్కేది.