కొమ్ము విరిగిన చప్పుడు

ఆర్మూర్‌లో పసుపు కొనే ఒక దుకాణంలో పెద్ద గుమాస్తా ఉండేవారు. సరుకు తేవాలా అని రైతులు ఫోన్ చేస్తే, "జర ఫోన్ దగ్గర పెట్టి ఒక కొమ్ము ఇరువు" అనేవారు. టక్కుమని విరిగితే తెమ్మనేవారు, మెత్తగా విరిగితే ఇంకా ఎండబెట్టమనేవారు.

ఆ దుకాణంలో టేబుల్ మీది ఫోన్లనూ సెల్‌ఫోన్లనూ కలిపే సర్వర్ పెట్టింది నేనే. ఆయన యార్డులో తిరుగుతున్నా కాల్ ఆయన సెల్లుకే వచ్చేది. అంతటితో ఊరుకుంటే నా తెలివి ఎవరికి తెలుస్తుంది? మనిషి మాట తప్ప మరే చప్పుడూ వినపడని ఏర్పాటు కూడా చేసి, నన్ను నేనే మెచ్చుకున్నాను.

మూడు రోజులు దుకాణానికి ఒక్క బస్తా రాలేదు. అడిగిన ప్రతి రైతుకూ ఆయన, "ఇంకా ఎండలే, నాలుగొద్దులు ఆగు" అనే చెప్పారట.

సంగతి తెలిసి పరుగెత్తుకెళ్లాను. తిడతారనుకున్నాను. ఆయన మాత్రం నెమ్మదిగా, "నా చెవులే పోయినయేమోనని దవాఖానకు పోయొచ్చిన బిడ్డా" అన్నారు.

ఇప్పుడు ఎక్కడ సర్వర్ పెట్టినా, ముందుగా సంచిలోంచి పసుపు కొమ్ము తీసి ఫోన్ దగ్గర విరుస్తాను. మొన్న పెర్కిట్‌లో సిమెంటు దుకాణం వాళ్లు, నేనేదో చేతబడి చేస్తున్నానని హడలిపోయారు.