తీగ ఆగాల్సిన చోటు

మీటరులో ముల్లు మూడు దాటింది. నాకు మొదట భయం వేసింది ఆ క్షణంలోనే. వైర్‌లెస్ సెట్టు పంపిన శక్తిలో ఎంత ఏరియల్ నుంచి తిరిగి వెనక్కి వస్తోందో చెప్పే మీటరు అది. ముల్లు ఒకటి దగ్గర ఉంటే ఏరియల్ బాగున్నట్టు. మూడు దాటాక కూడా మాట్లాడితే సెట్టు కాలిపోవచ్చు. మా దగ్గర ఉన్నది ఒక్కటే సెట్టు.

అప్పట్లో నేను విజయవాడలో, వరదల కంట్రోల్ రూములో కాంట్రాక్టు వైర్‌లెస్ ఆపరేటర్‌ని. ఆ ఉద్యోగం మానేసి రెండేళ్లయింది. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను. ఆ రోజు కంకిపాడు అవతల ఒక ఊరి హైస్కూల్లో శిబిరం పెట్టి, నన్నూ మస్తాన్ గారినీ పడవలో దింపారు. మస్తాన్ గారు రిటైరయిన రేడియో మెకానిక్. ఆటోనగర్‌లో చిన్న షాపు. వరద వస్తే పిలవకపోయినా వచ్చేవారు.

సెల్ టవర్లు ఆగిపోయాయి. చేతి వాకీటాకీ అంత దూరం అందదు. పెద్ద సెట్టుకి డైపోల్ ఏరియల్ కట్టుకోవాలి. అంటే సమానమైన రెండు రాగి తీగలు, వాటి మధ్య నుంచి సెట్టుకి ఒక కేబులు. మా ఫ్రీక్వెన్సీకి ఒక్కో తీగ పది మీటర్లు.

మధ్యాహ్నం శిబిరంలో నాగమణి అనే అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు ఆపరేషను చేసి తీశారట. చీకటి పడేలోగా ఆస్పత్రికి చేర్చాల్సిందేనని నర్సు తేల్చి చెప్పింది. పడవ రావాలంటే కంట్రోల్ రూముకి మాట చేరాలి.

మస్తాన్ గారు కింద ట్రాక్టరు బ్యాటరీకి సెట్టు కలుపుతుంటే, తీగ నేనే కొలిచి కోశాను. మేడ మీద వెదురు గడకి మధ్య భాగం ఎత్తి, పై అంతస్తు కోసం వదిలేసిన ఇనుప చువ్వలకి రెండు కొసలూ ఇనుప బైండింగు వైరుతో బిగించాను. మా వైపు పందిరి దగ్గర నుంచి తడిక దాకా ఏది కట్టాలన్నా చెయ్యి ముందు ఆ వైరు మీదికే పోతుంది.

కిందికి దిగి ముల్లు చూశాక, మళ్లీ పైకెళ్లి కొలిచాను. పది మీటర్లే. మెట్ల దగ్గర నిలబడ్డ నాగమణి అత్తగారు, "బట్టలారేసుకునే తీగలాగుంది. దీనికి పడవొచ్చిద్దా?" అంది.

మస్తాన్ గారు మీటరు వైపు చూడనే లేదు, నా వెనకే పైకి వచ్చారు. నేరుగా మూలకి వెళ్లి ముడి చూశారు.

"కొలత తప్పలేదమ్మా. నువ్వు పది మీటర్లు కోశావు. ఈ బైండింగు వైరూ చువ్వా కలిసి దాన్ని పొడుగు చేశాయి. ఎక్కడాగాలో తీగకి తెలీదు, మనమే చెప్పాలి."

కొసల్లో కరెంటు పారని ముక్క ఉండాలి. అందుకు వాడే పింగాణీ గుళ్ల డబ్బా కంట్రోల్ రూములో మర్చిపోయింది నేనే. ఆ మాట చెబితే ఆయన కోప్పడలేదు, సంచిలో ప్లాస్టిక్కు ఏమైనా ఉందా అని అడిగారు. నా హ్యాండ్‌బ్యాగులో పిల్లలు పడేసిన ఆట రింగులు రెండున్నాయి, పసుపుదీ ఆకుపచ్చదీ. ఆయన వాటిని గట్టిగా లాగి చూసి, "భేష్! మీ వాళ్లని మా షాపులో చేర్చుకుంటాను" అన్నారు. తీగ కొసలు రింగులకి చుట్టి, రింగుల నుంచి చువ్వలకి నైలాన్ తాడు కట్టారు.

కిందికి దిగి నేను వెంటనే మాట్లాడబోతే ఆపారు. ముందు తక్కువ పవరులో ముల్లు చూడమన్నారు. ఒకటిన్నర. అప్పుడు పిలిచాను. అటు ఆపరేటరు నా సందేశాన్ని నియమం ప్రకారం తిరిగి చదివి వినిపించాడు. ఊరి పేరు, నాగమణి పేరు, పడవ ఆగాల్సిన చోటు, అన్నీ సరిపోయాయి.

పొద్దు వాలకముందే పడవ వచ్చింది. తోడుగా నన్నూ ఎక్కమని, సెట్టు దగ్గర మస్తాన్ గారు ఉండిపోయారు. ఎక్కేటప్పుడు అత్తగారు మేడ వైపు చూసి, "ఆ తీగ విప్పమాకండి బాబూ" అని ఆయనకి కేకేసింది. విజయవాడ ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

ఆ తర్వాత నేను ఏ ఏరియల్ కట్టినా, కొలత కంటే ముందు కొసలు చూశాను.

ఆ మర్నాడు పొద్దున్నే ఇంట్లో పిల్లలు రింగులేవని బ్యాగు బోర్లించారు.

"ఒక స్కూలు మేడ మీదున్నాయి. తీగని అక్కడితో ఆగమని చెబుతున్నాయి. వరద తగ్గేదాకా అడక్కండి," అన్నాను.