మాస్టారు తిన్న పరిగెల పులుసు

నా పేరు సంగాడి పోలమ్మ. డెబ్బై దాటాయి. ఊరు యానాం పక్క దరియాలతిప్ప. ఇంట్లో మా ఆయన, నేను, నా కోడలు సీతారత్నం. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే కాలేజీ లెక్కల మేడమ్ దుర్గాభవాని రాస్తోంది. నా మాట నాజూకు చెయ్యొద్దని ముందే చెప్పాను.

మా కాలేజీ మాస్టారు పోయారు. పొద్దున్నే చేపల మార్కెట్లో గంప దించుతుంటే తెలిసింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందంట. నాకింకా ఏడుపు కూడా రాలేదు, పక్క గంప మనిషి, మా ఎదురింటిదే, అనేసింది: "ఆ ఇంట్లో తిన్నాడు కదా, ఎప్పటికైనా తప్పుద్దా?"

"ఆ ఇంట్లో రోజూ తినేదాన్ని నేను. నీ పక్కనే ఉన్నాను, నా మొహం చూసి అను ఆ మాట!" అన్నాను. గంప ఎత్తుకొని అవతలికి జరిగింది. కానీ మాటకి కాళ్ళొచ్చి కాలేజీ దాకా పోయింది. ఏటా ఎయిడ్స్ రోజున నా కోడలు వండి పిల్లలకి పెట్టే భోజనం ఈ ఏడు వద్దంట. హోటల్ పొట్లాలు తెప్పిస్తారంట. "మీకెందుకు మామ్మగారూ శ్రమ" అని కబురు. మా శ్రమ మీద ఇప్పుడెందుకు పుట్టింది జాలి? అందుకే ఇది రాయిస్తున్నాను. ఆయన సంతాప సభలో చదవాలి. గట్టిగా చదవాలి.

నా కొడుకు ఫ్యాక్టరీ పనికని వెళ్ళి, అక్కడి స్నేహితులతో మత్తు సూదులు మరిగాడు. ఒకడు గుచ్చుకున్న సూదే ఇంకొకడు గుచ్చుకునేవాడు. అలా ఎయిడ్స్ అంటుకుంది, దాంతోనే పోయాడు. పోయాక తెలిసింది, కోడలికీ ఉందని. ఇది దాచమని కోడలు అనలేదు. చెప్పమంది. పెద్దాసుపత్రి మాత్రలు రోజూ వేసుకుంటుంది. నాకంటే బరువు గంప ఎత్తుతుంది.

మా వాళ్ళలో కొత్త వల దించిన రోజు మొదట పడ్డ చేప అమ్మం. ఇంటి కోడలు పులుసు వండి వీధంతటికీ పెట్టాలి. కొడుకు పోయిన మరుసటేడు మా ఆయన కొత్త వల దించాడు. మొదట పరిగెలే పడ్డాయి, ఒళ్ళంతా ముళ్ళున్న చిన్న చేపలు. కోడలు పులుసు వండి విస్తళ్ళు వేసింది. ఒక్కళ్ళు రాలేదు. గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు. అప్పుడే చేపలు కొనడానికి వచ్చిన మాస్టారు ఖాళీ విస్తళ్ళు చూసి, "ఏంటండీ మామ్మగారూ?" అన్నారు. చెప్పాను. చెప్పులు విప్పి విస్తరి ముందు కూర్చున్నారు.

ఆయనది మెరక పొలాల ఊరు. పరిగె ముల్లు తియ్యడం ఎరగరు. రెండో ముద్దకే గొంతులో గుచ్చుకుంది. కళ్ళు తేలేశారు. గుమ్మాల్లో వాళ్ళు "అయిపోయాడు, అయిపోయాడు" అంటున్నారు. నేను వట్టన్నం ముద్ద చేసి నోట్లో కుక్కి వీపు మీద ఒక్కటిచ్చాను.

"నమలకండి, మింగండి మాస్టారూ!"

మింగారు. ఊపిరి తీసుకున్నారు. నీళ్ళు అడుగుతారనుకున్నాను. "అమ్మా, ఇంకాస్త పులుసు" అన్నారు నా కోడల్ని చూసి. ఆ ఏడాదిలో దాని మొహంలో నవ్వు చూడ్డం అదే మొదలు.

తర్వాతి ఆదివారం స్టీలు క్యారేజీ పట్టుకొని దిగారు. వీధి మధ్య నిలబడి, "అందరూ చూసుకోండి! బతికే ఉన్నాను. ముల్లు తప్ప ఇంకేదీ అంటుకోలేదు" అన్నారు. అప్పట్నుంచి ఆదివారం అంటే ఆ క్యారేజీయే. ఇక్కడ తిని, ఇల్లాలికి పట్టుకెళ్ళేవారు.

ఎయిడ్స్ రోజున మమ్మల్ని కాలేజీకి తీసుకెళ్ళిందీ ఆయనే. పెద్ద హాలు. మాస్టారు కండోమ్ అనగానే వెనక బెంచీల్లో కిసకిసలు. నాకు ఒళ్ళు మండింది. "నవ్వినోడు లెగండ్రా! నా కొడుక్కీ మీ వయసే. నవ్వడానికి వాడు లేడు" అన్నాను. బయటికొచ్చాక, తప్పుగా మాట్లాడానా అంటే, "నేను చెబితే రాసుకుంటారు మామ్మగారూ. మీరు చెబితే ఇంటికెళ్ళాక కూడా గుర్తుంటుంది" అన్నారు. ఆ రోజు భోజనం నా కోడలి చేత్తోనే వడ్డింపించారు. మొదటి కంచం ఆయనే పట్టారు. పిల్లలు వెనక వరస కట్టారు.

గంజాయికో, సూదికో అలవాటు పడ్డ పిల్లాడి సంగతి తెలిస్తే ఆయన అరిచేవారు కాదు. స్కూటర్ వెనక ఎక్కించుకొని ఆసుపత్రికి తీసుకెళ్ళేవారు. దారిలో మా ఇంటి దగ్గర ఆపేవారు. "తిట్టడం మీ పని, తీసుకెళ్ళడం నా పని" అనేవారు. ఆయ్, తిట్టేదాన్ని. తిట్టి అన్నం పెట్టేదాన్ని. వాళ్ళలో ఒకడు ఇప్పుడు పెళ్ళాం బిడ్డతో వచ్చి నా దగ్గరే చేపలు కొంటాడు, బేరం కూడా ఆడతాడు, వెధవ.

మొన్న ఆదివారం గుమ్మంలో నీడ పడితే తలెత్తాను. మాస్టారి ఇల్లాలు. చేతిలో అదే క్యారేజీ.

"ఆదివారం కదండీ మామ్మగారూ. ఇది ఖాళీగా కనబడుతుంటే ఇంట్లో ఉండలేకపోయాను" అంది.

లోపలికి రమ్మన్నాను. రాలేదు. వీధివైపు అరుగు మీదే కూర్చుంది, అందరికీ కనబడేలా. కోడలు వడ్డించింది. పరిగెల పులుసే. ఆవిడకీ ముల్లు తియ్యడం రాదు. తడుముకుంటూ తింటోంది. ఎదురు గుమ్మంలోంచి ఉన్నట్టుండి ఒక కేక: "ముల్లు చూసుకోండమ్మా!" చూద్దును కదా, మార్కెట్లో ఆ మాటన్న మనిషే. అని ఊరుకోలేదు, వచ్చి అరుగు మీద కూర్చొని, ఆవిడ విస్తట్లో చెయ్యి పెట్టి ముళ్ళు తీసిపెట్టింది. తర్వాత తన వేళ్ళకంటిన పులుసు నాకేసింది. నేను చూడనట్టు మొహం తిప్పుకున్నాను.

కాలేజీ వారికి నా మాట ఒక్కటే. పొట్లాలు తెప్పించకండి. ఎయిడ్స్ రోజున మా గిన్నె వస్తుంది, దాని వెనక నేనొస్తాను.

సంగాడి పోలమ్మ ఎడమ బొటనవేలి ముద్ర. చేపలు తోముతూ లేచొచ్చి వేశాను, సిరాతోపాటు పసుపూ పడింది. ఉండనివ్వండి.

చూసినవారు:
దుర్గాభవాని, రాసిన మనిషి.
సీతారత్నం, వండిన మనిషి.
మాస్టారి ఇల్లాలు, తిన్న మనిషి.