గదిలో ఇద్దరు

నర్సీపట్నంలో ఇళ్ల ప్లాన్లు గీసి బతికేదాన్ని నేను. ఊళ్లో చాలామంది ఇళ్లు గీశాను. మా ఇల్లు మాత్రం ఆయన పోయాకే మొదలైంది. రచ్చ గెలిచాను గానీ, ఇంట గెలవడం ఆలస్యమైంది.

మా ఆయన కొయ్యూరు దగ్గర బడిలో మాస్టారు. పొద్దున్నే బస్సెక్కి కొండమీదికి పోయేవారు, చీకటి పడేలోగా దిగేవారు. స్థలం కొన్న రోజునే పడకగదికి పడమటి వైపు పెద్ద కిటికీ కావాలన్నారు. అటువైపే కొండలు కనబడతాయి.

"సాయంత్రం ఎండంతా లోపలికొస్తాది. ఉడికిపోతాం," అన్నాను.

"వస్తే రానీయే. కొండ కనబడకపోతే అదేటి ఇల్లు, గోడౌను," అన్నారు.

ఆ తగువు తేలకుండానే గుండెపోటుతో వెళ్లిపోయారు. నాతో వాదనల్లోంచి తప్పించుకోవడం ఆయనకి మొదటినుంచీ అలవాటే.

మొన్న వేసవిలో గోడలు కిటికీల ఎత్తుకి లేచాయి. తాపీమేస్త్రి ఫోన్ చేశాడు. "అమ్మా, పడమటి కిటికీ ఉంచీమంటారా, మూసీమంటారా? బేగి సెప్పండి, రేపు గోడ లేపేస్తాం."

మధ్యాహ్నం ఆఫీసులో కూర్చుని ఒక వెబ్‌సైట్ తెరిచాను. గోడల మందం, కిటికీల కొలతలు, స్లాబు వివరాలు ఇస్తే ఏ గది ఎప్పుడు ఎంత వేడెక్కుతుందో, ఏసీకి ఎంత కరెంటు కాలుతుందో లెక్కకట్టి చెబుతుంది. సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు, నెట్ ఉంటే చాలు. మాకు నెట్ సరిగ్గా ఉండదు, అది వేరే సంగతి. వాతావరణం దగ్గర మా ఊరి పేరు లేదు, విశాఖపట్నం పెట్టుకోమంది. సముద్రపు గాలి తగిలే ఊరికీ మాకూ పోలికేమిటని విసుక్కుంటూనే పెట్టాను.

తర్వాత, పడకగదిలో ఎంతమంది ఉంటారు, ఏ వేళల్లో ఉంటారు అని అడిగింది. మనిషి ఒంటి వేడిని కూడా అది లెక్కలో వేసుకుంటుంది. ఆలోచించకుండా ఇద్దరని కొట్టాను. ఆయన వేళలూ ఇచ్చేశాను. పగలు ఉండరు, సాయంత్రం నుంచి ఉంటారు, ఆదివారం రోజంతా ఉంటారు.

రంగుల బొమ్మ వచ్చింది. పడకగది ఎర్రగా ఉంది. నేనే గెలిచాను. చెబుదామని పక్కకి తిరిగాను.

అప్పుడు తెలిసింది, ఏం కొట్టానో. ఇద్దరిని ఒకరు చేసి మళ్లీ లెక్క కట్టించాను. వేడి కాస్త తగ్గింది, చాలా కొద్దిగా. ఆయన ఉండటానికీ లేకపోవడానికీ తేడా ఇంతేనా అని కోపం వచ్చింది. చలికాలంలో నా పాదాలు ఆయన కాళ్ల కింద దూర్చేదాన్ని. "మంచుముక్కలేటే ఇవి," అని తిడుతూనే కదలకుండా పడుకునేవారు. ఆ వెచ్చదనం కోసం నాకు ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.

మళ్లీ ఇద్దరని మార్చాను. కిటికీ మీద సన్‌షేడు పొడవు పెంచాను. ఎరుపు తగ్గింది గానీ పోలేదు. మేస్త్రికి ఫోన్ చేసి కిటికీ ఉంచమన్నాను.

"గది ఏడెక్కిపోతాదమ్మా," అన్నాడు.

"ఎక్కనీ. ఇద్దరం సర్దుకుంటాం," అన్నాను.