యూనివర్సిటీకి సంబంధం చూసొచ్చిన మా మామ

ఆ రోజుల్లో మనుషులకు చదువు మీద ఉన్నంత ఆశ, ఆ చదువు ఎక్కణ్నుంచి వస్తోందన్న విచారణ మీద ఉండేది కాదు. (మనుషులకు అనడం అన్యాయం, నాకు అనాలి.) అప్పుడు నేను కమలాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచర్ని. ఢిల్లీ సుల్తానుల్ని, గ్రామ పంచాయతీల్ని, నైరుతి రుతుపవనాల్ని ఒకే గొంతుతో, ఒకే బెత్తంతో చెప్పేదాన్ని. నాకున్న కోరిక ఒక్కటే. చరిత్రలో ఎమ్మే చేసి జూనియర్ కాలేజీలో లెక్చరర్ని కావాలి. రుతుపవనాల జోలికి పోకుండా చరిత్ర ఒక్కటే చెప్పుకునే ఉద్యోగం అది. స్కూలు మానేసి యూనివర్సిటీకి పోయి కూర్చునే వీలు లేదు కాబట్టి నాకు దూరవిద్యే దిక్కు. వేరే రాష్ట్రంలో ఉన్న ఏదో యూనివర్సిటీ వాళ్ల సెంటరు కర్నూల్లో తెరిచారని ఎవరో చెప్పగానే నా కాళ్లు నేల మీద నిలవలేదు.

ఇక్కడ మా మేనమామ గురించి చెప్పాలి. మా చుట్టుపక్కల పెళ్లి సంబంధం చూడాలంటే ఆయన్ని పిలవాల్సిందే. ఆయన కుదిర్చిన పెళ్లి ఒక్కటీ చెడలేదు. పిల్లవాడి ఊరికి చెప్పాపెట్టకుండా పోయి, ముందు టీ అంగడి దగ్గర కూర్చుని ఆ ఇంటి సంగతులు కూపీ లాగేవాడు. తర్వాత ఇల్లు సొంతమా బాడుగా అని చూసేవాడు. చివరికి ఆ ఇంట్లోకే పోయి మంచినీళ్లు అడిగి, చెంబు ఎంత బాగా తోమారో చూసి నిర్ణయం చేసేవాడు. నేను కర్నూలు పోయొస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. "నువ్వు ఊరికే ఉండు పాపా. ఇట్లాంటివి అడగాల్సిన తీరున అడగాల. నేను పోయి చూసొస్తా" అన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, భుజాన కండువాతో, తెల్లారి మొదటి బస్సుకే బయల్దేరాడు.

సాయంత్రం తిరిగొచ్చి, కాళ్లు కడుక్కుని, అరుగు మీద తీరిగ్గా కూర్చున్నాడు. నేను, మా అమ్మ గడప దగ్గర నిలబడ్డాం. "శానా మంచోళ్లు పాపా. బిల్డింగు సొంతం, బాడుగ గాదు. సెంటరు నడిపే ఆయప్పకు తాగుడు గీగుడు ఏం లేవు. టీ అంగడోణ్ని అడిగినా, ఒక్క చెడ్డ మాట చెప్పలే. బనగానపల్లె పక్కన మామిడితోట గూడా ఉండాదంట. ఇదో, ఇంట్లోకి తీస్కపో అని పండ్లిచ్చి పంపిచ్చినాడు" అని బుట్ట ముందుకు జరిపాడు. మా అమ్మ ఒక పండు వాసన చూసి తలాడించింది. ఇక అడగడానికేం మిగిలింది? దూరవిద్యలో ఎమ్మే ఇవ్వడానికి వాళ్లకు అనుమతి ఉందా అన్న ప్రశ్న ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. చేతిలో బంగినపల్లి పండు పెట్టుకుని అలాంటి ప్రశ్న ఎవరికి తోస్తుంది చెప్పండి. నేను చేరిపోయాను.

చదవడం మాత్రం నిజంగానే చదివాను. ఆదివారాలు కర్నూలు బస్సులో నిలబడి పోయి క్లాసులు విన్నాను. మౌర్యుల్ని, విజయనగర రాజుల్ని అన్నం వండుతూ వల్లె వేశాను. ఫస్టు క్లాసు వచ్చింది. మామ వీధంతా మైసూర్‌పాక్ పంచి, "మా పాప ఎమ్మే. నేనే పోయి చూసి కుదిర్చినా" అని చెప్పుకున్నాడు. తర్వాత రాజంపేట కాలేజీలో చరిత్ర లెక్చరర్ పోస్టు పడింది. ఎంపికైన వాళ్లలో నా పేరూ ఉంది. సర్టిఫికెట్లు చూపించడానికి కడపకు రమ్మన్నారు. మామ తోడు రాకుండా ఉంటాడా?

అక్కడున్న ఆఫీసరు నా డిగ్రీ తిరగేసి, కంప్యూటర్లో ఏదో వెతికి, మెల్లగా చెప్పాడు. "అమ్మా, ఈ యూనివర్సిటీ ఉంది. కానీ దూరవిద్యలో ఎమ్మే ఇచ్చేదానికి దీనికి అనుమతి లేదు. ఈ డిగ్రీ చెల్లదమ్మా." మామ ముందుకొచ్చాడు. "సార్, నేనే స్వయంగా పోయి చూసొచ్చినా. మంచోళ్లు సార్. బిల్డింగు గూడా సొంతమే."

"అయ్యుండొచ్చు పెద్దాయనా. మేం చూసేది అది కాదు."

"తోట గూడా ఉండాది సార్."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సిగ్గు లేకుండా నాకూ నవ్వొచ్చింది. నవ్వుతుండగానే ఏడుపూ వచ్చింది. పోస్టు నా తర్వాత ఉన్న అమ్మాయికి పోయింది. తిరుగు బస్సులో మామ కిటికీ పక్కన కూర్చున్నాడు. ఎర్రగుంట్ల రోడ్డు ఎక్కాక, "నీళ్లు గూడా అడిగి తాగితి పాపా. చెంబు తళతళా మెరుస్తాండె" అన్నాడు. "నీ తప్పేముంది మామా, చదువుకున్నదాన్ని, నేను కదా చూసుకోవాల్సింది" అన్నాను. ఆయన భుజాన ఉన్న కండువా తీసి మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఆయన సంబంధాలు చూడటం మానేశాడు. ఎవరైనా ఇంటికొచ్చి పిలిస్తే, "నాకు కండ్లు సరిగా ఆనడంలేదప్పా, వేరేవాళ్లను పిల్చుకపోండి" అనేవాడు. ఆయన కళ్లు బాగానే ఉండేవి. వీధి చివర వచ్చే మనిషి ఎవరో ఇంట్లో నుంచే చెప్పేవాడు. పోస్టు పోయిందన్న బాధ కొన్నాళ్లకు తగ్గింది కానీ, ఈ బాధ నాకు తగ్గలేదు. ఎంత చెప్పినా ఆ మనిషిని మళ్లీ కండువా వేయించి బస్సు ఎక్కించలేకపోయాను.

అనుమతి ఉన్న యూనివర్సిటీల జాబితా ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం, ఏ కోర్సుకు ఆ కోర్సు, ఇంటర్నెట్లో అందరూ చూసేలా పెట్టే ఉంటుందని నాకు అప్పటికి గానీ తెలియలేదు. చూసుకోవడానికి ఒక టీ తాగేంత సేపు చాలు. ఆ జాబితాలో ఉన్నదాన్నే పట్టుకుని మళ్లీ చేరాను. అవే మౌర్యులు, అవే విజయనగర రాజులు. ఈసారి డిగ్రీ నిఖార్సయినదే. కానీ అది చేతికొచ్చేసరికి మామ లేడు, లెక్చరర్ ఉద్యోగానికి నా వయసూ దాటిపోయింది. ఇప్పటికీ అదే స్కూల్లో రుతుపవనాలు చెబుతున్నాను. కొత్తగా వచ్చిన టీచర్లు దూరవిద్య గురించి అడిగితే ఫోను లాక్కుని ముందు ఆ జాబితా తెరుస్తాను. నా చాదస్తం చూసి వాళ్లు నవ్వుకుంటారు.

వాళ్లకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ చెల్లని ఎమ్మేలో మొదటి పేపరు చరిత్ర రచనా పద్ధతులు. ఒక ఆధారం అసలుదా నకిలీదా అని చరిత్రకారుడు ఎలా తేల్చుకోవాలి అన్న ప్రశ్న వచ్చింది. అదనపు కాగితాలు అడిగి మరీ రాశాను. ఇచ్చినవాళ్లు ఎవరు, ఇచ్చే అధికారం వాళ్లకు ఉందా అన్నది అన్నిటికన్నా ముందు చూడాలని రాసి, కింద గీత కూడా గీశాను. ఆ పరీక్ష హాల్లో తల వంచుకుని, జడ ముందుకు పడుతున్నా పట్టించుకోకుండా రాసుకుపోతున్న ఆ పిల్ల ఇప్పటికీ నా కళ్లకు కడుతుంది. వెనక నుంచి పోయి భుజం మీద చెయ్యి వేసి ఆపాలనిపిస్తుంది. కానీ అంత శ్రద్ధగా, అంత సంతోషంగా రాస్తున్న పిల్లను ఆపడానికి ఎవరికైనా చెయ్యెలా వస్తుంది?